బికినీ లైన్ షేవ్ చేశాక వెంటనే మంట, మూడో రోజుకి పొక్కులు: ముందు ఏది మార్చాలి?

వెన్నెల22

బికినీ లైన్ (గజ్జల దగ్గర, లోదుస్తు అంచు పక్కన) షేవింగ్ గురించి కాస్త వివరంగా చెప్పగలవాళ్లు జవాబివ్వండి. ఇబ్బందులు రెండు. రెండూ ఒకటేనా, వేరువేరా అన్నదే తేలట్లేదు.

గీసిన పది నిమిషాలకే చర్మం ఎర్రబడి చుర్రుమంటుంది. మర్నాటికి ఆ మంట తగ్గుతుంది. తగ్గింది కదా అనుకునేలోపు, మూడో రోజుకి గజ్జ మడత పక్కన ఆవగింజంత గట్టి పొక్కులు లేస్తాయి. కొన్నిటి నెత్తిన తెల్లటి చీము చుక్క ఉంటుంది. మానాక గోధుమరంగు మచ్చ మిగులుతోంది.

వాడుతున్నవి: ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్, మామూలు ఒంటి సబ్బు నురగ. స్నానం మొదలుపెట్టగానే షేవింగ్. ముందు పైనుంచి కిందికి, ఆ తర్వాత నున్నగా రావాలని చర్మం బాగా లాగిపట్టి కిందినుంచి పైకి. వారానికి రెండుసార్లు. అయ్యాక సువాసన ఉన్న అలోవెరా జెల్.

అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల గుణం వచ్చిందో తెలియదు. అందుకే అడుగుతున్నాను, మొదట ఏది మార్చాలి, ఎందుకు?

---

గోరింట

రెండూ వేరువేరండి. కారణాలు వేరు, మందూ వేరు.

మొదటిది రేజర్ బర్న్. బ్లేడు వెంట్రుకతోపాటు చర్మం పైపొరని కూడా గీరేస్తుంది. నురగ పల్చగా ఉన్నా, బ్లేడు మొద్దుబారినా, ఒకేచోట నాలుగైదుసార్లు తిప్పినా ఇలాగే అవుతుంది. నిమిషాల్లో మొదలై, రెండు మూడు రోజుల్లోపు దానంతటదే పోతుంది.

మూడో రోజున లేచేవి లోపలికి పెరిగిన వెంట్రుకల వల్ల. ఇన్‌గ్రోన్ హెయిర్ అని మనం అనేదాన్నే డాక్టర్లు సూడోఫాలిక్యులైటిస్ అంటారు. అక్కడి వెంట్రుక మందంగా ఉంటుంది, అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోలగా ఉంటుంది, కుదురు కూడా వంపు తిరిగి ఉంటుంది. అందుకే రింగులు తిరుగుతుంది. బ్లేడుతో ఏటవాలుగా తెగిన కొన సూదిమొనలా తయారవుతుంది. ఆ మొన బయటికొచ్చి వంగి పక్కనే మళ్లీ గుచ్చుకోవచ్చు. లేదా చర్మం మట్టానికి కింద తెగిపోయి, బయటికి రాకముందే కుదురు గోడని చీల్చుకుని పక్కకి పోవచ్చు. ఎలా దిగినా ఒంటికి అది ముల్లు గుచ్చుకున్న లెక్కే. చుట్టూ వాపు వస్తుంది, చీము పడుతుంది. చీము కనపడిందని ప్రతిసారీ ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదు. మన ఒంట్లోని కణాలు ఆ మొనని తరిమేయడానికి వచ్చి పేరుకున్నా చీమే అవుతుంది.

ఇప్పుడు మీ పద్ధతికి వద్దాం. వెంట్రుకని చర్మం కిందికి తెగేలా చేసేవి మూడు. ఎదురు గీత, అంటే వెంట్రుక వాలిన దిక్కుకి ఎదురుగా గీయడం ఒకటి. చర్మం లాగిపట్టడం ఇంకోటి: లాగినప్పుడు వెంట్రుక కాస్త బయటికి వస్తుంది, కోసి వదిలేస్తే కొన లోపలికి జారిపోతుంది. మూడోది ఎక్కువ బ్లేడ్ల రేజర్: ముందు బ్లేడు వెంట్రుకని పట్టి పైకి గుంజుతుంది, అది వెనక్కి పోయేలోపు వెనక బ్లేడు కోస్తుంది. వేలితో నిమిరితే ఏమీ తగలని ఆ నున్నదనం ఎలా వస్తుందంటే ఇలాగే. మీరు మూడూ చేస్తున్నారు.

అందుకని ముందు ఎదురు గీత, లాగిపట్టడం మానేయండి. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. తర్వాతి రెండు షేవ్‌లలో పొక్కులు ఎన్ని తగ్గాయో లెక్క పెట్టుకోండి. ఆ తర్వాత సబ్బు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. పైగా ఆ నురగ నిమిషంలో ఆరిపోతుంది, బ్లేడు జారడానికి కింద ఏమీ మిగలదు. సువాసన లేని షేవింగ్ జెల్ తీసుకోండి. మీ మంటలో ఎక్కువ భాగం దీంతోనే పోవాలి. రేజర్ మార్చడం ఆ తర్వాత.

ఖర్చు లేకుండా మార్చగలిగింది ఇంకోటి కూడా ఉంది. స్నానం మొదట్లో కాదు, చివర్లో షేవ్ చేయండి. వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడాలంటే గోరువెచ్చని నీళ్లు రెండు మూడు నిమిషాలైనా తగలాలి. పొడిగా ఉన్న వెంట్రుకని కోయాలంటే బ్లేడుకి చాలా ఎక్కువ బలం కావాలి, ఆ బలం మీ చేతినుంచే వస్తుంది, చర్మం మీదే పడుతుంది. అలాగని అరగంట నానకండి, చర్మం ఉబ్బి తేలిగ్గా తెగుతుంది.

---

నీటిచుక్క

కారణాలు గోరింట గారు చెప్పేశారు. చేతిపని సంగతి నేను రాస్తాను, ఎందుకంటే ఈ చోట చేయి తిరగడమే కష్టం.

మొదటి పని రేజర్ పట్టుకోకుండా చేసేది. పొడిగా ఉన్నప్పుడు, మంచి వెలుతురులో, చేతి అద్దం పెట్టుకుని వేలితో నిమిరి చూడండి. వేలు సాఫీగా జారే వైపు వాలు. గరుగ్గా అడ్డుపడే వైపు ఎదురు. పొత్తికడుపు కింది ఉబ్బెత్తు భాగంలో సాధారణంగా వాలు కిందికీ మధ్యకీ ఉంటుంది. గజ్జ మడత దగ్గరికి వచ్చేసరికి అది అడ్డంగా తిరుగుతుంది. మీకు పొక్కులు అక్కడే వస్తున్నాయంటే, పైనుంచి కిందికి గీసినప్పుడు కూడా ఆ ముక్కలో మీకు తెలియకుండానే ఎదురు పడుతుండొచ్చు. కుడి ఎడమలు కూడా ఒకేలా ఉండవు, రెండువైపులా చూసుకోండి.

పొడవు ఎక్కువుంటే ముందు అర సెంటీమీటరుకి కత్తిరించండి. గుండ్రటి మొన కత్తెరతో గానీ, గార్డు పెట్టిన ట్రిమ్మర్‌తో గానీ. ఇది పొడిగా ఉన్నప్పుడే చేయాలి, తడిస్తే వెంట్రుకలు అంటుకుపోయి పొడవు తెలియదు. ఈ మెట్టు వదిలేస్తే పొడవాటి వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటాయి, ఆపైన కోయడం ఉండదు, పీకడమే ఉంటుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లు, మూడు నిమిషాలు. జెల్ రాసి వెంటనే గీయకండి, ఇంకో రెండు నిమిషాలు ఆగండి. తెల్లగా నురిగే రకం కంటే పారదర్శకంగా ఉండేది మేలు, ఏం చేస్తున్నారో కనపడుతుంది.

చర్మం పట్టుకోవడంలో తేడా ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. లాగిపట్టడం వేరు, సాపు చేయడం వేరు. ఒక కాలు చిన్న స్టూలు మీద పెట్టి మోకాలు బయటికి తిప్పితే గజ్జ మడత సగం దానంతటదే విచ్చుకుంటుంది. మిగతాది అరచేయి బల్లపరుపుగా ఆనించి ముడత పోయేంతవరకే. చర్మం తెల్లబడి మెరుస్తోందంటే ఎక్కువ లాగారన్నమాట.

గీత రెండు మూడు సెంటీమీటర్లకి మించొద్దు. రేజర్ బరువు చాలు, చేత్తో నొక్కొద్దు. ప్రతి గీతకీ బ్లేడు నీళ్లలో కడగండి. ఒకచోట ఒక్కసారే. గరుకు మరీ మిగిలిపోతే మళ్లీ జెల్ రాసి అడ్డంగా ఒక్కసారి, అంతే. అప్పటికీ ఉన్న నాలుగు వెంట్రుకలని వదిలేయండి. మర్నాడు పొద్దున అవి ఎవరికీ కనపడవు, కానీ వాటికోసం ఐదోసారి తిప్పిన చోట పొక్కు మాత్రం వారం ఉంటుంది.

యోని బయటి పెదవుల బయటివైపు దాకానే రేజర్. తడి చర్మం మొదలయ్యే చోటు నుంచి లోపలికి రేజరూ వద్దు, జెల్లూ వద్దు, ఏ క్రీమూ వద్దు.

బ్లేడు ఐదు నుంచి ఏడు షేవ్‌లకి మార్చేయాలి. లాగినట్టు అనిపిస్తే మూడోసారికే పారేయండి, ఇక్కడి వెంట్రుక కాళ్ల మీది దానికంటే మందం. వాడాక కడిగి, విదిలించి, బాత్రూమ్ బయట ఆరబెట్టండి. తువ్వాలుతో తుడిస్తే పదును పోతుంది. ఇంట్లోవాళ్ల రేజర్ వాడొద్దు, మీది ఇవ్వొద్దు. కంటికి కనపడనంత రక్తం అంటినా హెపటైటిస్ బి, సి సోకే దారి ఉంది.

అయ్యాక చల్లటి నీళ్లు పోసి, శుభ్రమైన తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. సువాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాయండి. మీ అలోవెరా జెల్ సీసా మీద ఆల్కహాల్, పరిమళం ఉన్నాయేమో చదవండి. ఉంటే అది చల్లగా అనిపించినా మంటకి ఆజ్యమే. డియోడరెంట్, టాల్కమ్ పౌడర్ కూడా వద్దు.

ఇదంతా రాత్రి పడుకునేముందు పెట్టుకుంటే మంచిది. కనీసం ఒక రోజు బిగుతు లోదుస్తులు, లెగ్గింగ్స్, చెమట పట్టే వ్యాయామం, ఈతకొలను, శృంగారం ఆపాలి. లోదుస్తు ఎలాస్టిక్ సరిగ్గా గజ్జ మడత మీదే ఒరుసుకుంటుంది. మొలుస్తున్న కొనని చర్మంలోకి వెనక్కి నెట్టేది ఆ ఒరిపిడే. వదులు కాటన్ వేసుకోండి, లేదా మడతని తాకని పొట్టి షార్ట్స్ రకం.

---

తులసిమొక్క

పైన చెప్పినవన్నీ సరైనవే. కానీ పొక్కులకి మచ్చలు కూడా పడుతున్నవాళ్లకి నేను రేజరే వద్దంటాను.

ట్రిమ్మర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచేసి ఆపేయండి. కొన చర్మం పైనే ఉంటుంది కాబట్టి చర్మం కింద చీల్చుకుపోవడం ఉండదు. చూపుకి శుభ్రంగానే ఉంటుంది. చేత్తో తాకితే గరుకు తెలుస్తుంది, అంతే తేడా. గార్డు తీసేసి బోడి ట్రిమ్మర్ చర్మానికి ఆనించకండి, వదులు చర్మం పళ్ల మధ్య పడి తెగుతుంది. పొడి చర్మం మీద వాడండి, పళ్లు వాడిన ప్రతిసారీ శుభ్రం చేయండి.

రేజరే కావాలనుకుంటే ఒకటి లేదా రెండు బ్లేడ్లది. మెటల్ సేఫ్టీ రేజర్ మంచిదే గానీ అలవాటు లేని చేత్తో గజ్జ మడత దగ్గర మొదలుపెట్టొద్దు. ముందు కాళ్ల మీద చేయి కుదరాలి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వంపులో ఉండేలా పట్టాలి, బ్లేడు అంతకంటే నిటారుగా ఆనితే కోయదు, గీరుతుంది.

క్రీమ్ వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. వెంట్రుకలు తీసే క్రీమ్‌లో ఉండేది థయోగ్లైకోలేట్. వెంట్రుకలోని గంధకపు బంధాలని విడగొడుతుంది, కొన మొండిగా ఉంటుంది కాబట్టి గుచ్చుకోవడం తక్కువ. కానీ అది బాగా ఘాటైన క్షారం. పెట్టె మీద బికినీ లైన్‌కి అని రాసి ఉన్నదే, తొడ లోపల చిన్నచోట రాసి 24 గంటలు చూశాకే, పెట్టెమీద చెప్పిన నిమిషాలకి మించకుండా. షేవ్ చేసిన చర్మం మీద అసలే వద్దు.

---

వెన్నెల22

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. వాలు చూస్తే నీటిచుక్క గారు చెప్పినట్టే ఉంది, మడత దగ్గర అడ్డంగా తిరిగింది.

మరి ఇప్పుడున్న పొక్కుల సంగతి? రెండిటిలో లోపల వెంట్రుక నల్లగా కనపడుతోంది, సూదితో తీసేయవచ్చా? గరుకు స్క్రబ్‌తో రుద్దితే బయటికి వస్తుందంటారు, నిజమేనా? దురదకి వాడిన స్టీరాయిడ్ క్రీమ్ కొంత మిగిలి ఉంది, అది రాయొచ్చా?

---

సన్నజాజి

ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు షేవింగ్ ఆపండి, కనీసం నాలుగు వారాలు. వారానికి రెండుసార్లు గీస్తున్నారంటే పాత పొక్కు మానకముందే దానిమీద మళ్లీ బ్లేడు పడుతోంది. వదిలేస్తే లోపల ఇరుక్కున్న వెంట్రుక పెరిగి పెరిగి, దాదాపు సెంటీమీటరు అయ్యేసరికి స్ప్రింగులా వంగి తన కొనని తానే బయటికి లాక్కుంటుంది. చాలా పొక్కులు ఏ మందూ లేకుండా ఇలాగే సర్దుకుంటాయి. పెరిగేటప్పుడు దురద ఉంటుంది, గోళ్లు తగలనివ్వకండి. మరీ పొడవనిపిస్తే ట్రిమ్మర్‌తో అర సెంటీమీటరుకి తగ్గించుకోవచ్చు, పొక్కు ఉన్న చోటు మాత్రం వదిలేసి.

శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీళ్లలో పిండి పది నిమిషాలు ఆనించండి, రోజుకి రెండు మూడుసార్లు.

సూది: వెంట్రుక చర్మం పైన ఉంగరంలా మడతపడి కనపడుతుంటేనే. స్పిరిట్‌తో తుడిచిన సూదిని ఆ ఉంగరంలోకి దూర్చి కొన విడిపించి వదిలేయాలి. పీకకూడదు. పీకితే కొత్త వెంట్రుక మళ్లీ చర్మం కిందినుంచి బయల్దేరుతుంది, అదే కథ మళ్లీ మొదలు. మీరు చెప్పేది చర్మం లోపల నల్లగా కనపడటం కదా, దాన్ని ముట్టుకోవద్దు. తవ్వితే వెంట్రుక రాదు, మచ్చ వస్తుంది. నొక్కడం, చిదమడం కూడా వద్దు.

గరుకు స్క్రబ్ వద్దే వద్దు. వాచిన చర్మం మీద గీతలు పడతాయి, మచ్చ ముదురుతుంది. దాని బదులు రసాయనంతో మృతచర్మం తీసేవి ఉన్నాయి: 2 శాతం సాలిసిలిక్ యాసిడ్, లేదా 5 నుంచి 10 శాతం గ్లైకోలిక్ యాసిడ్. రెండిట్లో ఒకటే. రోజు విడిచి రోజు రాత్రి, ఉబ్బెత్తు భాగం మీద, బికినీ లైన్ మీద మాత్రమే, పెదవుల వైపు జారకుండా. మళ్లీ షేవింగ్ మొదలుపెట్టాక షేవ్‌కి ముందురోజు ఆపాలి, తర్వాత రెండు రోజులు ఆగి మొదలుపెట్టాలి. అప్పుడే గీసిన చర్మం మీద రాస్తే భగ్గుమంటుంది. గర్భంతో ఉన్నవాళ్లు ఇవి వాడేముందు డాక్టర్‌ని అడగాలి.

స్టీరాయిడ్ క్రీమ్ విషయంలో చాలా జాగ్రత్తండి. ట్యూబు మీద పేరు చదవండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ అయితే, చీము లేని, తెగని ఎర్రటి చోట పల్చగా, రోజుకి రెండుసార్లు, మూడు నాలుగు రోజులు. క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటివి, లేదా వాటిని ఫంగస్ మందుతో, యాంటీబయాటిక్‌తో కలిపిన ట్యూబు అయితే పక్కన పెట్టేయండి. గజ్జల్లో చర్మం పల్చన, మడత మూసుకుని ఉంటుంది, మందు చాలా ఎక్కువ లోపలికి దిగుతుంది. చర్మం ఇంకా పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు పోవు. తామర (చర్మపు ఫంగస్) ఉంటే దురద తగ్గినట్టే ఉండి లోపల్లోపల పాకుతుంది.

గోధుమరంగు మచ్చలకి నెలలు పడుతుంది. కొత్త పొక్కు రాకుండా చూసుకోవడమే దానికి అసలు మందు.

ఇక, షేవింగ్ పొక్కు అనుకుని పొరబడేవి కొన్ని ఉన్నాయి. నడిమి గుంటతో ముత్యంలా మెరిసే బుడిపెలు మొలస్కమ్ కావచ్చు, వాటిమీద రేజర్ తిప్పితే పక్కలకి అంటుకుంటుంది. గుత్తిగా చిన్న నీటిపొక్కులు, పట్టుకోలేని నొప్పి ఉంటే హెర్పిస్ కావచ్చు. అంచు ఎర్రగా ఉంగరంలా పాకుతూ దురద పెడితే తామర. గజ్జల్లో, చంకల్లో పెద్ద నొప్పి గడ్డలు మళ్లీ మళ్లీ లేచి, పగిలి, మచ్చకట్టి, చర్మం కింద దారులు పడుతుంటే అది హైడ్రాడెనైటిస్, శుభ్రతలేమి వల్ల వచ్చేది కాదు, త్వరగా చూపించుకుంటే మచ్చలు తక్కువ పడతాయి. ఇవి కాక, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, సెగ్గడ్డలా వేడిగా సలుపుతున్నా, మధుమేహం ఉన్నవాళ్లకి చీము పట్టినా ఇంటి వైద్యంతో ఆగొద్దు. సిగ్గుపడి ఆలస్యం చేయకండి, చర్మ వైద్యులు రోజూ చూసేవే ఇవి.

---

వెన్నెల22

ట్యూబు చూశాను, క్లోబెటసాల్ కలిపినదే. తీసేశాను. చివరిగా ఒక్కటి: ఈ నాలుగు వారాల మధ్యలో గైనకాలజిస్టు చెకప్ ఉంది. అప్పటికైనా తీసుకోవాలి కదా?

---

గోరింట

అక్కర్లేదండి. పరీక్షకి వెంట్రుకలు ఏమాత్రం అడ్డు కావు. ప్రసవానికి కూడా అక్కడ మామూలుగా షేవ్ చేయడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆపరేషన్లకి కూడా 2016లో అదే సంస్థ, వెంట్రుకలు తీయకుండా ఉంచండి, తప్పదంటే క్లిప్పర్‌తో తీయండి, రేజర్ మాత్రం వద్దు అంది. రేజర్ చేసే కంటికి కనపడని గాట్లలో సూక్ష్మక్రిములు చేరతాయని. పైగా చెకప్ రోజున పొక్కులు ఉన్నవి ఉన్నట్టు కనపడితే డాక్టర్‌కి చూపించి అడగొచ్చు.

---

తులసిమొక్క

చెకప్‌లో లేజర్ మాట వస్తుందేమో, ముందే చెప్తాను. పద్ధతంతా మార్చినా పొక్కులు ఆగకపోతే వెంట్రుకనే తగ్గించడం ఒక దారి. చామనఛాయ, నలుపు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ఎక్కువ భద్రం, చర్మం రంగు మీద తక్కువ పడుతుంది కాబట్టి కాలడం తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చాలామందికి ఆరో ఎనిమిదో సిట్టింగులు పడతాయి. పూర్తిగా పోవు, సన్నబడి పల్చబడతాయి. సిట్టింగుకి ముందు నాలుగు వారాలు వ్యాక్సింగ్, పీకడం ఆపాలి, కుదుట్లో వెంట్రుక ఉంటేనే లేజర్ దాన్ని పట్టుకుంటుంది. ముందురోజు మాత్రం షేవ్ చేసుకుని రమ్మంటారు. అప్పుడు కూడా వాలుకే గీయండి, ఒక్కసారే.